‘ఐ యామ్ నోయింగ్’: నేరం తెలుగుదేనా?

“ఐ యామ్ నోయింగ్ హిమ్.” “ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్.” ఈ రెండు వాక్యాలూ వినగానే ఇంగ్లీషు మాష్టారు చెప్పే మాట చల్లపల్లిలోనైనా, అవనిగడ్డలోనైనా, బెజవాడ కార్పొరేట్ కాలేజీలోనైనా ఒకటే: “తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో మాట్లాడుతున్నావురా.” కుర్రాడు తలదించుకుంటాడు. అక్కడితో విచారణ ముగుస్తుంది. నేరం కుర్రాడిది, ప్రేరేపించింది అమ్మభాష.

ఈ తీర్పును ఎవరూ పెద్దగా పరీక్షించినట్టు కనిపించదు. పరీక్షించడం కష్టమేం కాదు. ఆ రెండు ఇంగ్లీషు వాక్యాల పక్కన తెలుగు వాక్యాలు రాసి చూస్తే చాలు. “నాకు అతను తెలుసు.” “నాకు ఇద్దరు అన్నదమ్ములున్నారు.” వీటిలో ‘తున్నాను’ ఎక్కడుంది? తెలుగులో ఆలోచించి ఉంటే కుర్రాడు ‘నోయింగ్’ దగ్గరికే పోడు. ‘తెలుస్తున్నాను’ అని కృష్ణా డెల్టాలో పసిపిల్లవాడు కూడా అనడు. ‘బీ’ క్రియ, దాని వెనక ‘ఇంగ్’ ఉన్న ఈ ఇంగ్లీషు రూపం ఎక్కడ పుట్టింది, మన ‘తున్నాను’కు దానితో ఉన్న చుట్టరికం ఎంత, తప్పు అసలు ఎక్కడ జరుగుతోంది అన్నవి ఒకచోట పెట్టి చూడాల్సిన ప్రశ్నలు.

ఇలా రెండు వ్యాకరణాలను పక్కపక్కన పెట్టడానికి ఈ ప్రాంతానికి హక్కుంది. చల్లపల్లికి పొరుగునే ఉన్న మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ 1611లోనే కొట్లు తెరిచింది. రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ ఇంగ్లీషు బడి పెట్టాడు. సి.పి. బ్రౌన్ కొన్నాళ్లు ఆ ఊళ్లో ఉద్యోగం చేశాడు, 1840లో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. బందరు మిషనరీ ఆర్డెన్ 1873లో మరో తెలుగు వ్యాకరణం తెచ్చి, దానికి ‘ప్రోగ్రెసివ్ గ్రామర్’ అని పేరు పెట్టాడు. అంచెలంచెలుగా నేర్పేది అని ఆయన భావం. మనం మాట్లాడబోయే క్రియారూపాన్ని కూడా ఇంగ్లీషు వ్యాకర్తలు ‘ప్రోగ్రెసివ్’ అంటారు, మన బడుల్లో ‘కంటిన్యువస్’ అంటారు.

మన తరగతి గదుల్లో క్రియలకు నంబర్లుంటాయి. వీ-వన్, వీ-టూ, వీ-త్రీ, ఆ తర్వాత ‘ఇంగ్’ చేరినది వీ-ఫోర్. ‘యామ్, ఈజ్, ఆర్ ప్లస్ వీ-ఫోర్’ అన్న సూత్రం డెల్టాలో ఇంటర్ చదివినవాళ్లెవరికైనా నోటికొచ్చు. చాలామందికి ఇంగ్లీషు వ్యాకరణంలో మొదట పట్టుబడేదీ, చివరిదాకా మిగిలేదీ ఇదే. నిజానికి ఇంగ్లీషువాళ్ల మాటలో దీని వాటా చిన్నది. రాండల్ఫ్ క్విర్క్ బృందం 1985లో తెచ్చిన పెద్ద వ్యాకరణం లెక్క ప్రకారం వంద క్రియాపదబంధాల్లో ఈ రూపంలో ఉండేవి అయిదు కూడా లేవు. మన పిల్లల నోట అంతకు ఎన్నో రెట్లు వినిపిస్తుంది. ఆ తేడాకు కారణం వెతకాలి.

ముందు పుట్టుక సంగతి. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ‘ఇంగ్’తో క్రియ నడవలేదు. అప్పుడు రెండు వేరువేరు ప్రత్యయాలుండేవి. ఒకటి ‘-ఎండె’: మన ‘చేస్తూ’ లాంటి అసమాపక క్రియను ఇచ్చేది. రెండోది ‘-ఉంగ్’ లేక ‘-ఇంగ్’: మన ‘చేయడం’ లాంటి క్రియానామాన్ని ఇచ్చేది. ‘ఉండు’ అర్థమిచ్చే క్రియ పక్కన ‘-ఎండె’ రూపం చేర్చి ‘పోరాడుతూ ఉండె’ అనే తీరు పాత ఇంగ్లీషులో ఉంది. లాటిన్ గ్రంథాల అనువాదాల్లో మరీ ఎక్కువగా కనిపించడంతో అది లాటిన్ నీడ అని కొందరు పండితులు తేల్చారు. అనువాదం కాని రచనల్లోనూ ఉంది కాబట్టి సొంత సొమ్మే అని ఇంకొందరు. మధ్యయుగంలో ఈ ‘-ఎండె’ ప్రాంతానికో రకంగా పలికి, చివరికి దక్షిణాన ‘-ఇంగ్’తో కలిసిపోయింది. వినడానికి ఒకటే అయిపోయాయి. అదే కాలంలో ‘వేటలో ఉన్నాడు’ అన్నట్టుగా ‘ఆన్’ అనే విభక్తిని క్రియానామం ముందు పెట్టే వాడుక కూడా ఉంది. ఆ ‘ఆన్’ అరిగి ‘అ’ అయింది, ఆ తర్వాత పూర్తిగా పోయింది. ‘అ-హంటింగ్’ అనే రూపం పాత జానపద గీతాల్లో, అమెరికా కొండప్రాంతాల మాటల్లో ఇంకా మిగిలి ఉంది.

అంటే ఇవాళ్టి ‘ఈజ్ హంటింగ్’కు తండ్రి ‘వేటాడుతూ’నా, ‘వేటాడటంలో’నా? ఒక వర్గం మొదటిదంటుంది, ఇంకో వర్గం రెండోదంటుంది. మూడో వర్గం దృష్టి బ్రిటన్‌లో ఆంగ్లేయుల కంటే ముందున్న కెల్టిక్ జనం మీదికి వెళ్లింది. వెల్ష్ భాషలో ఇప్పటికీ ‘ఉన్నాను’ పక్కన క్రియానామం పెట్టి జరుగుతున్న పనిని చెబుతారు. వాళ్ల భాష ఓడిపోయినా దాని వాక్యం గెలిచినవాళ్ల నోట్లో మిగిలిందన్న వాదాన్ని 1925లోనే వోల్ఫ్‌గాంగ్ కెల్లర్ చేశాడు. 2008లో ఫిన్లాండ్ పండితులు ఫిల్పులా, క్లెమోలా, పౌలాస్తో దానికి ఒక పుస్తకమే రాశారు. వినసొంపైన వాదమే. కానీ డచ్చి భాషలోనూ, రైను నది ఒడ్డు జర్మన్‌లోనూ ‘పనిలో ఉన్నాను’ తరహా రూపాలున్నాయి. వాటికి కెల్టులను సాక్షిగా పిలవాల్సిన పని లేదు. ప్రపంచ భాషలను పోల్చి చూసిన జోన్ బైబీ బృందం 1994లో తేల్చింది కూడా ఇదే: ‘ఫలానా పనిలో, పని దగ్గర ఉన్నాడు’ అన్న మాటే చాలా భాషల్లో ఈ క్రియారూపానికి మూలం. నా వరకు నాకు కెల్టిక్ వాదం సహాయకారణంగా పనికొస్తుందే కానీ మూలకారణంగా నిలబడదనిపిస్తుంది.

పుట్టిన తర్వాత కూడా ఇది చాలాకాలం ఐచ్ఛికంగానే ఉంది. 1600 ప్రాంతంలో షేక్‌స్పియర్ నాటకంలో పొలోనియస్, పుస్తకం చేతపట్టుకుని ఉన్న హామ్లెట్‌ను ఏం చదువుతున్నావని అడిగేది మామూలు వర్తమానంలోనే. ఇవాళ ఆ ప్రశ్న అలా అడిగితే మన బడిలో మార్కులు పోతాయి. తప్పనిసరి అయింది తర్వాతి రెండు మూడు శతాబ్దాల్లో.

కర్మణి రూపం కథ ఇంకా తమాషాగా ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా ఇంగ్లీషువాళ్లు ‘ద హౌస్ ఈజ్ బిల్డింగ్’ అనేవాళ్లు. ఇల్లు కట్టుబడి జరుగుతోందని అర్థం. ‘ఈజ్ బీయింగ్ బిల్ట్’ అన్న రూపం ఆ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో తలెత్తింది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా భాషాభిమాని రిచర్డ్ గ్రాంట్ వైట్ వంటివాళ్లు అది వికృతమని గొడవపెట్టారు. గొడవ వినేవాళ్లు లేక కొత్తరూపమే నిలిచింది. మన దగ్గర ఆ రూపాన్ని నెత్తికెత్తుకున్నది కచేరీ తెలుగు: ‘వంతెన నిర్మించబడుచున్నది’, ‘దరఖాస్తు పరిశీలించబడుచున్నది’. మనుషులు మాత్రం ‘వంతెన కడుతున్నారు’ అంటారు. ఇంగ్లీషువాళ్లే ఒకప్పుడు ఒప్పుకోని వాక్యాన్ని మన గుమాస్తాలు నిష్ఠగా మోస్తున్నారు.

ఇప్పుడు తెలుగు వైపు. ‘చేస్తున్నాను’ పాత రూపం ‘చేయుచున్నాను’. ‘చేయుచు’ అనేది చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) లెక్కలో శత్రర్థకం, దాని పక్కన ‘ఉన్నాను’. పాత ఇంగ్లీషు ‘-ఎండె’ వాక్యానికి ఇది అచ్చంగా జోడీ. ‘ఉన్నాడు’ గురించి ఒక మాట. ‘తిన్నాడు, విన్నాడు, కన్నాడు’ల పక్కన పెట్టి చూడండి. అచ్చు భూతకాలానిది, అర్థం వర్తమానానిది. ఆ ‘ఉన్నా’ మీదే మన జరుగుతున్న కాలమంతా నిలబడింది. డెల్టా పల్లెల్లో అది ‘వస్తన్నా’, ‘వత్తన్నా’ అవుతుంది, రాయలసీమలో ‘వస్తాండా’, తెలంగాణలో ‘వస్తున్న’. ఎక్కడా ‘ఉండు’ ధాతువు పూర్తిగా చెరగదు.

అసలు విశేషం వ్యతిరేకార్థంలో ఉంది. ‘చేస్తున్నాను’కు కోస్తాలో వ్యతిరేకం ‘చేస్తూ లేను’ కాదు, ‘చేయడం లేదు’. చల్లపల్లిలో వినిపించేది ‘చెయ్యట్లేదు’. ఇక్కడ శత్రర్థకం మాయమై క్రియానామం వచ్చింది. నేను, నువ్వు, వాళ్లు అన్న తేడా కూడా పోయి అందరికీ ‘లేదు’ ఒక్కటే. ఇంగ్లీషు పండితులు ‘తూ’నా ‘డం’లోనా అని కొట్టుకుంటున్న రెండు మూలాలూ తెలుగులో పక్కపక్కన బతికే ఉన్నాయి: అవునంటే ‘తూ’, కాదంటే ‘డం’. తెలంగాణ మాటలో మాత్రం ‘చేస్తలేను, చేస్తలేడు’ అంటారు. కాదనేటప్పుడూ శత్రర్థకమే, పురుషభేదమూ నిలిచే ఉంది. కోస్తా రూపం ప్రమాణమై బడిపుస్తకాల్లోకెక్కింది కాబట్టి ‘చేస్తలేను’ను ఎవరైనా తక్కువచేసి చూస్తే అది వాళ్ల అజ్ఞానం. వ్యాకరణపు పొందిక చూస్తే ‘చేస్తలేను’దే పైచేయి.

తెలుగులో ఈ రూపానికి ఒక బలహీనత కూడా ఉంది. ‘వస్తాడు’ అంటే అలవాటు లేదా భవిష్యత్తు, ‘వస్తున్నాడు’ అంటే ఇప్పుడు. రెంటికీ పోలిక లేదు, చిక్కు లేదు. స్త్రీకి, వస్తువుకు వాడే ఏకవచనంలో మాత్రం ‘వస్తుంది’, ‘వస్తోంది’ పక్కపక్కనే నిలబడతాయి. ‘వస్తున్నది’ కుదించుకుపోయి ‘వస్తోంది’ అయింది. దానికీ ‘వస్తుంది’కీ మధ్య ఒక్క గుణింతం తేడా. టీవీ వార్తల్లో ‘ప్రస్తుతం సమావేశం జరుగుతుంది’ అని రోజూ వింటున్నాం. జరగబోతోందా, జరుగుతోందా? చదివేవాళ్లకే పట్టింపు లేదు. ఇంగ్లీషులో పిల్లలు ఈ రెండు కాలాలను కలిపేస్తున్నారని బాధపడేవాళ్లు ముందు తెలుగులో ఈ ఓత్వాన్ని కాపాడితే బాగుంటుంది.

‘ఇంగ్’ను మనం ఎలా తెచ్చుకున్నామో కూడా చూడాలి. మీటింగు, కోచింగు, వెల్డింగు, బైండింగు, మోటారు వైండింగు, చేతిపంపుకు బోరింగు. అన్నీ నామవాచకాలే. తెల్లవారి లేచి కరకట్ట మీద నడిచేవాళ్లు ‘వాకింగ్ చేస్తున్నారు’, అంతేకానీ ఎవరూ ‘వాకింగ్ ఉన్నారు’ అనరు. వెయ్యేళ్ల కిందటి ‘-ఉంగ్’ అనే నామప్రత్యయం ఒక్కటే మన ఊళ్లోకి వచ్చింది. క్రియ పని ‘చేస్తున్నా’ చూసుకుంటుంది.

ఇక మొదటి ప్రశ్న. భారతీయుల ఇంగ్లీషులో ‘ఇంగ్’ అతిగా ఉందన్న ఫిర్యాదు పాతదే. జి.సి. విట్‌వర్త్ 1907లోనే మనవాళ్ల ఇంగ్లీషు పొరపాట్ల మీద ప్రత్యేకంగా పుస్తకం వేశాడు. నిసీమ్ ఎజెకీల్ ఈ వాడుకనే పట్టుకుని మిస్ పుష్ప వీడ్కోలు సభ మీద వ్యంగ్య కవిత రాశాడు. 1930ల నుంచి మన ఇళ్లలో ఉన్న రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం ‘నో, హ్యావ్, లవ్, వాంట్, సీ, హియర్’ లాంటి క్రియలను జాబితాగా ఇచ్చి వీటికి ‘ఇంగ్’ మామూలుగా తగిలించరాదంది. కారణాన్ని తత్వవేత్త జెనో వెండ్లర్ 1957లో బాగా విడమరిచాడు: పరిగెత్తడం పని, తెలిసి ఉండడం స్థితి. పనికి నడక ఉంటుంది, స్థితికి ఉండదు. నడక లేనిదాన్ని నడుస్తున్నట్టు చెబితే ఇంగ్లీషు చెవికి ఎబ్బెట్టు.

మరి మనవాళ్లు ఎందుకు చెబుతున్నారు? దేవ్యానీ శర్మ 2009లో భారతీయ ఇంగ్లీషునూ సింగపూరు ఇంగ్లీషునూ పోల్చి, మాతృభాషలోని కాలవ్యవస్థే ఈ తేడాకు మూలమని వాదించింది. హిందీకి ఆ వాదం చక్కగా అతుకుతుంది. ‘జాన్‌తా హూఁ’ అన్న మాటలో ‘హూఁ’ ఉంది, అది ‘యామ్’కు సరిజోడు. ‘జాన్‌తా’ను ‘నోయింగ్’ చేస్తే సరిపోతుంది. తెలుగుకు ఆ దారి లేదు. ‘తెలుసు’లో ‘ఉన్నాను’ జాడే లేదు. తమిళుల ‘తెరియుమ్’ కూడా అంతే. అయినా మద్రాసులోనూ బెజవాడలోనూ ‘నోయింగ్’ వినిపిస్తుంది. ఆఫ్రికా దేశాల ఇంగ్లీషుల్లోనూ స్థితి క్రియలకు ‘ఇంగ్’ తగిలిస్తారని పరిశోధకులు నమోదు చేశారు. అమ్మభాషలు వేరు, పొరపాటు ఒకటే అయినప్పుడు మూలం మరోచోట కూడా ఉందన్నమాట.

నా లెక్కలో ఆ మరోచోటు తరగతి గదే. ఇంగ్లీషు మామూలు వర్తమానం చూడటానికి తేలిక, వాడటానికి ముళ్లకంచె. ‘ఐ నో’ సరే, ‘హీ’ వస్తే ‘నోస్’ అనాలి. కాదనాలంటే ఎక్కడి నుంచో ‘డు’, ‘డజ్’ ఊడిపడాలి, అప్పుడు ‘నోస్’లో ‘ఎస్’ మళ్లీ పోవాలి. ప్రశ్న అడగాలంటే ఆ ‘డజ్’ ముందుకు దూకాలి. కంటిన్యువస్‌లో ఈ తంటా లేదు. ‘యామ్, ఈజ్, ఆర్’ మొదటి వారంలోనే వచ్చేశాయి. ‘నాట్’ చేర్చితే వ్యతిరేకం, తిప్పితే ప్రశ్న. పైగా తెలుగు పిల్లవాడికి ‘యామ్’లో ‘ఉన్నాను’ వినిపిస్తుంది. ‘నేను టీచర్ని’ అన్నప్పుడు తెలుగులో క్రియే అక్కర్లేదు కాబట్టి అక్కడి ‘యామ్’ వాడికి అర్థంకాని అలంకారం. ‘ఐ యామ్ కమింగ్’లో మాత్రం ‘వస్తున్నా’లోని ‘ఉన్నా’ సాక్షాత్తూ కనిపిస్తుంది. తెలిసిన ముఖం కాబట్టి ఎక్కడపడితే అక్కడికి దాన్నే పంపుతాడు. తెలుగుకు ఈ మేరకు బాధ్యత ఉంది, అంతకు మించి లేదు.

తెలుగు నేరుగా తప్పు చేయించే చోట్లు వేరే ఉన్నాయి. వాటిని ఎవరూ అంతగా పట్టించుకోరు. ‘నమ్ముతున్నాను’, ‘అనుకుంటున్నాను’, ‘కోరుకుంటున్నాను’, సినిమాల పుణ్యమా అని ‘ప్రేమిస్తున్నాను’. ఇవన్నీ తెలుగులో ‘తున్నాను’తో నడుస్తాయి. ఇంగ్లీషులో నడవవు. ‘ఐ యామ్ బిలీవింగ్’ అన్నవాణ్ని తెలుగులో ఆలోచించావని అంటే న్యాయం.

ఇంకోటి మరీ లోతైనది. చల్లపల్లిలో 2014 నవంబరు నుంచి స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు రోజూ తెల్లవారకముందే వీధులు ఊడుస్తున్నారు. ఈ వాక్యంలోని ‘ఊడుస్తున్నారు’ ఒక్కటే రెండు పనులు చేసింది: రోజూ జరిగే అలవాటును చెప్పింది, అప్పటి నుంచి ఆగలేదనీ చెప్పింది. ఇంగ్లీషులో అలవాటుకు ‘దే స్వీప్ ఎవ్రీ మార్నింగ్’ అనాలి, 2014 నుంచి అనాలంటే ‘హ్యావ్ బీన్ స్వీపింగ్’ అనాలి. మనవాడు రెంటికీ ‘ఆర్ స్వీపింగ్’ అంటాడు. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అనే వాక్యం పుట్టింది ఇక్కడే. దీన్ని సరిచేయడానికి తిట్టు పనికిరాదు. ‘నుంచి’, ‘గా’ అన్న మాటలు తెలుగు వాక్యంలో కనబడగానే ఇంగ్లీషులో ‘హ్యావ్ బీన్’ వెతకమని చెప్పాలి.

ఇంగ్లీషు కూడా ఊరుకోవడం లేదు. మెక్‌డొనాల్డ్స్ 2003 నుంచి ‘లవింగ్’ను ప్రపంచమంతా నినాదంగా అమ్ముతోంది. ‘హ్యావింగ్’ అన్నచోటల్లా ఎర్రసిరా పెట్టే మాష్టర్లు కూడా ఒకటి గమనించాలి: ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ ఎప్పుడూ తప్పు కాదు, అక్కడ అది తినడం అనే పని. ‘మొండివాడు’ అంటే ‘ఈజ్ స్టబర్న్’, ‘మొండికేస్తున్నాడు’ అంటే ‘ఈజ్ బీయింగ్ స్టబర్న్’. ఈ తేడా తెలుగువాడికి చెప్పకుండానే తెలుసు, చూపించేవాళ్లు లేరు.

చూపించడానికి తెలుగులోనే ఒక మంచి కొలత ఉంది. రెన్ అండ్ మార్టిన్ జాబితాను తెలుగులోకి దించి చూస్తే చాలా క్రియలు ‘నాకు’తో మొదలవుతాయి. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇష్టం, నాకు గుర్తుంది, నాకు ఉంది, నాకు కనిపిస్తోంది, నాకు వినిపిస్తోంది, నాకు అర్థమవుతోంది. వీటిలో కర్త ఏమీ చేయడం లేదు, తనకు ఏదో అవుతోంది. వెండ్లర్ 1957లో విడదీసిన స్థితినే మన వాక్యం షష్ఠీ విభక్తిలో ఎప్పటి నుంచో విడదీసి పెట్టుకుంది. కాబట్టి తెలుగు వాక్యం ‘నాకు’తో వస్తే ఇంగ్లీషులో సాధారణంగా ‘ఇంగ్’ వద్దు. ‘నాకు నిద్రొస్తోంది’, ‘నాకు జ్వరంగా ఉంది’ లాంటివి వేరే దారిలో పోతాయి. నమ్ముతున్నాను, అనుకుంటున్నాను లాంటి ‘నేను’ వాక్యాలను నాలుగైదు విడిగా చెప్పాలి. మిగతాదంతా ఈ ఒక్క కొలతతో సరిపోతుంది.

మన రాష్ట్రంలో ఇప్పుడు బడిపిల్లల చేతుల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలున్నాయి. ఈ పోలిక చూపించడానికి అంతకంటే అనువైన చోటు లేదు. ఇంగ్లీషు మాష్టార్లకు నా మనవి ఒకటే: ‘తెలుగులో ఆలోచించకు’ అనడం మానండి. ‘నోయింగ్’ అన్న పిల్లవాణ్ని ఆ మాట తెలుగులో చెప్పమని అడగండి. వాడు ‘నాకు’ అనగానే ఆపి, ఇంగ్లీషు వాక్యం మళ్లీ చెప్పించండి.